సగం సిపాయి పెళ్ళాం అదృష్టవంతురాలు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు ఒత్తులు ఇంకా లొంగలేదు. దీర్ఘం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. మా ఆయన పోయాక, యాభై ఏడు దాటిన వయసులో పలక పట్టినదాన్ని. ఒక్క వాక్యం పూర్తిచేసేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. నేను నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగా చదవండి. తప్పులుంటే మీరే దిద్దుకోండి. చదువుకున్నవాళ్ళు, ఆ మాత్రం సాయం చేయలేరా?

ఇక అసలు సంగతి. ఈ లోకంలో సగం సిపాయి పెళ్ళాన్ని మించిన అదృష్టవంతురాలు లేదు!

సగం సిపాయి అంటే రిజర్వు సైనికుడు. వారమంతా తన పొట్టకూటి పని చేసుకుని, శని ఆదివారాలు యూనిఫాం తొడుక్కుని క్యాంపుకి పోయేవాడు. మా ఆయన వారంలో అయిదు రోజులు తాళాలు బాగుచేసేవాడు, రెండు రోజులు దేశాన్ని కాపాడేవాడు. మిగతా అయిదు రోజులూ దేశం ఏం చేసేదో నాకు తెలియదు. తలుపేసుకుని కూర్చునేదేమో.

ముందు జీతం చూద్దాం. ఫుల్‌టైం సిపాయి పెళ్ళానికి నెల నెలా జీతం వస్తుంది. ఎంత బాధండీ! దాచుకోవాలి, దొంగల భయం, పైగా ఎన్నడూ చూడని చుట్టాలు వచ్చి చేబదులు అడుగుతారు. మాకా బెడద లేదు. క్యాంపులో ఇచ్చిన భత్యంలో బస్సు చార్జీలు పోగా, బూటు పాలిష్ పోగా, శనివారం కొట్టు మూసినందుకు పోయిన బేరం పోగా, చివరికి మిగిలింది మా ఆయనే. ఆయన్ని ఎవరు అప్పడుగుతారు?

పని కూడా ఎంత ముందుచూపుతో ఇచ్చేవాళ్ళో! తాళాలు చేసే మా ఆయన్ని వంటశాలలో వేశారు. వంటమాస్టరుకి వైర్‌లెస్ అప్పగించారు. వైర్‌లెస్ తెలిసినవాడి చేత గుడారాలు కుట్టించారు. శత్రువు గూఢచారి వస్తే ఎవరు ఏం చేస్తున్నారో అంతుపట్టకూడదట. క్యాంపులో ఉన్నవాళ్ళకే అంతుపట్టేది కాదు, ఇంక శత్రువెంత!

ఇప్పుడు పెన్షన్ సంగతి. ఫుల్‌టైం వాళ్ళకి యూనిఫాం విప్పిన మర్నాటి నుంచే పెన్షన్ వస్తుంది. పాపం, ఎదురుచూపులోని తీపి వాళ్ళకేం తెలుసు? సగం సిపాయికి సర్వీసంతా నిండినా, అరవై ఏళ్ళు వచ్చేదాకా రాదు. అప్పటిదాకా పేరు రిజర్వు లిస్టులోనే ఉంటుంది.

మా ఆయన సర్వీసు నిండింది. కానీ యాభై ఆరేళ్ళకే పోయాడు.

కొట్టూ, కొట్టు వెనక మేముండే గదీ ఖాళీ చేసి ఆడపడుచు ఇంటి మేడ మీదకి చేరాను. మంచి మనిషే. కానీ ఒకరింట్లో గిన్నె శబ్దం చేయకుండా దించుకుంటూ బతకడం ఎలాగుంటుందో ఉన్నవాళ్ళకి తెలుసు. పెన్షన్ వస్తే ఆ వెనక గది మళ్ళీ అద్దెకు తీసుకుని, నా గిన్నెలు నా ఇష్టమొచ్చినట్టు మోగించుకోవాలి. నాకున్న ఆశ ఇదొక్కటే. అందుకని పెన్షన్ ఆఫీసుకి వెళ్ళాను.

కౌంటరు దగ్గర గుమాస్తా ఫైలు చూసి, "సార్‌కి ఇంకా అరవై రాలేదమ్మా" అన్నాడు.

"ఇంకెక్కడ వస్తాయి నాయనా, పోయారు కదా."

"పోతే మాత్రం? పుట్టిన తారీఖు పోలేదుగా. నాలుగేళ్ళలో వచ్చేస్తాయి. ఈలోపు ఏటేటా సార్‌ది కొత్త ఫోటో ఒకటి ఫైలుకి పెట్టండి. పాతది పనికిరాదు."

నేను ఏడుస్తూ ఇంటికొచ్చాను. దారిలో బస్సులో కూర్చున్నాక గాని నా అదృష్టం నాకు బోధపడలేదు. మిగతా ఆడవాళ్ళ మొగుళ్ళు పోతే పోయినచోటే ఆగిపోతారు. పెళ్ళాం ముసలిదవుతుంది, మొగుడు గోడ మీద కుర్రాడిలా నవ్వుతుంటాడు. కొన్నాళ్ళకి చూసినవాళ్ళు "మీ అబ్బాయా?" అని అడుగుతారు. నాకా గతి పట్టదు! నేను అసలే ఆయనకంటే ఏడాది పెద్దదాన్ని. ఈ రహస్యం పెళ్ళినాటి నుంచీ మా ఇద్దరి మధ్యే ఉంది. ఆయన అక్కడే ఆగిపోయుంటే నా పరువేం కాను? ప్రభుత్వం దయవల్ల ఆయన కూడా నాతోపాటే ముసలివాడవుతున్నాడు.

కొత్త ఫోటో కోసం స్టూడియోకి వెళ్ళాను. స్టూడియో ఆయన నా మాట విని, తల గోక్కుని, పాత ఫోటోకే జుట్టు కాస్త నెరిపించి ఇచ్చాడు. మరుసటేడు నేను గుమ్మం ఎక్కకముందే, "పిన్నిగారూ, ఈసారి బాబాయికి కళ్ళజోడు పెట్టేద్దామా?" అన్నాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా ఆయన కళ్ళకి అద్దాలు కూడా వచ్చాయి.

ఆ ఏడే ఒకరోజు ఇంటి ముందు జీపు ఆగింది. పెద్ద మీసాల సార్జెంటు మెట్లెక్కి పైకి వచ్చాడు.

"సార్ ఉన్నారా అమ్మా?"

"గోడకున్నారు బాబూ."

ఆయన ఫోటోకి సెల్యూట్ కొట్టి, నావైపు తిరిగాడు. "ఏటా జరిగే హాజరుకి సార్ రావాలి. రాకపోతే లిస్టులో పేరు కొట్టేస్తారు. పేరు పోతే పెన్షన్ కూడా పోతుంది."

"ఆయన వెళ్ళిపోయారు బాబూ."

"ఎక్కడికి?"

"పైకి."

"సెలవు పెట్టి వెళ్ళారా?"

"ఆయన పోయినట్టు కాగితం పెన్షన్ ఆఫీసులో ఇచ్చాను నాయనా!"

"అది పెన్షన్ ఆఫీసు సంగతమ్మా. మాది డ్యూటీ ఆఫీసు. మా దగ్గర సార్ ఇంకా బతికే ఉన్నారు" అన్నాడు, కాస్త గర్వంగానే.

మా ఆడపడుచు కళ్ళొత్తుకుంది. "చూశావా వదినా, అన్నయ్యని వాళ్ళు ఎంత బాగా చూసుకుంటున్నారో! మనమే తొందరపడి కర్మకాండలు చేసేశాం."

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. మా ఆయన సంగతి తిరగబడింది. దాణా లేదు గాని, పరుగు తప్పలేదు. పెన్షన్‌కి ఇంకా ముసలివాడు కాలేదు, యుద్ధానికి మాత్రం ఇంకా కుర్రాడే! పోయినా పడుచుదనం పోని మొగుడు మీలో ఎంతమందికి ఉన్నాడు?

పేరు కొట్టేస్తే నా గది గంగలో కలిసినట్టే. ఫోటో చంకన పెట్టుకుని, బూట్లు సంచిలో వేసుకుని క్యాంపుకి వెళ్ళాను. మైదానంలో సగం సిపాయిలందరూ వరసగా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఆఫీసరు మా ఆయన నంబరు పిలవగానే ఫోటో పైకెత్తి, "ఉన్నాడు!" అని అరిచాను.

ఆఫీసరు దగ్గరికొచ్చి ఫోటోని కిందికీ పైకీ చూశాడు. "ఏమిటా గడ్డం?"

"స్టూడియోలో పెరిగిందండీ."

"వచ్చే ఏడు నున్నగా గీసుకుని రావాలి. హాజరు వేసుకోండి!"

తరువాత డాక్టరు పరీక్ష. డాక్టరు స్టెతస్కోపు ఫోటో అద్దానికి ఆనించి చాలాసేపు విన్నాడు. "బీపీ లేదు, ఆయాసం లేదు. ఈ వయసులో ఇంత నిమ్మళంగా ఉన్న మనిషిని నేను చూడలేదమ్మా. ఏం పెడుతున్నారు?"

"పూలదండ పెడుతున్నానండీ."

"అదే కొనసాగించండి. తేలికపాటి డ్యూటీ చాలు" అని రాసిచ్చాడు.

తేలికపాటి డ్యూటీ అంటే వంటశాల. ఆయన చేయలేడు కాబట్టి నేను బంగాళాదుంపలు చెక్కు తీశాను. నా పక్కన బస్సు కండక్టరు ఒకాయన కూర్చున్నాడు. ఆయనా సగం సిపాయే. నా చేతిలో చాకు లాక్కుని, "ఇలా ఇవ్వక్కా, నీ చెక్కుతోపాటు సగం దుంప పోతోంది" అన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "బావగారు అదృష్టవంతుడు. నా మోకాళ్ళు బాగాలేవని సర్వీసు నిండటానికి ఇంకొక్క ఏడాది ఉందనగా, ఈ క్యాంపు అయ్యాక ఇంటికి పొమ్మన్నారు. ఏడాది తగ్గితే పెన్షన్ గుండుసున్నా. నాడి ఆడని బావని పాస్ చేసి నన్ను ఫెయిల్ చేశారేంటక్కా?" అన్నాడు.

"నువ్వు నొప్పి అని నోరు జారావు తమ్ముడూ. మా ఆయన ఒక్క ముక్క చెప్పుకున్నాడేమో చూడు."

కండక్టరు నవ్వాడు. నవ్వుతూనే ముక్కు తుడుచుకున్నాడు. ఉల్లిపాయలేం లేవక్కడ.

అలా ఏటేటా ఆయన్ని హాజరు వేయించుకొచ్చాను. గడ్డం గీయించాను, జుట్టు నెరిపించాను, ఒకసారి స్టూడియో ఆయన ఉత్సాహం పట్టలేక పన్ను కూడా ఒకటి ఊడగొట్టాడు. నాలుగేళ్ళు గడిచి, పోయిన నెల మా ఆయనకి అరవై నిండాయి!

ఇస్త్రీ బట్టలు కట్టుకుని పెన్షన్ ఆఫీసుకి వెళ్ళాను. అదే గుమాస్తా. నాలుగేళ్ళలో ఆయనకీ నెత్తి మీద జుట్టు పోయింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"శుభాకాంక్షలమ్మా! సార్‌కి అరవై వచ్చేశాయి. ఈ నెల నుంచే పెన్షన్. సార్‌ని వచ్చి వేలిముద్ర వేయమనండి."

"ఆయన లేరు కదా నాయనా."

"అయ్యో, మర్చేపోయాను. అయితే మీకు కుటుంబ పెన్షన్ వస్తుంది." కాగితాలు తిరగేశాడు. మొహం వాడింది. "కానీ దానికి సార్ పెన్షన్ అందుకుంటూ పోయుండాలమ్మా. అంటే అరవై తరువాత. మీ సర్టిఫికెట్‌లో ముందే పోయినట్టుంది."

"ఇప్పుడేం చేయమంటావు?"

"అరవై నిండాక పోయినట్టు ఇంకొకటి తెస్తే చాలు."

"అంటే మళ్ళీ పోవాలా?"

"రూలు నేను పెట్టలేదమ్మా."

అయ్యలారా, అమ్మలారా! ఆయన మొదటిసారి పోయినప్పుడు నేను నాలుగు రోజులు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇప్పుడు అరవై ఒకటి దాటినదాన్ని, ఆ ఓపిక ఎక్కడినుంచి తేను? పైగా ఏటేటా పరేడుకి హాజరైన మనిషి, డాక్టరు బాగున్నాడన్న మనిషి, ఇంత హఠాత్తుగా పోతే ఎవరైనా నమ్ముతారా?

గుమాస్తా చెడ్డవాడు కాదు. నాకు మంచినీళ్ళు తెప్పించి, ఏదో దారి వెతుకుదామని ఫైలు మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"డ్యూటీలో పోయుంటే ఈ తిప్పలేవీ ఉండేవి కావు. అయినా అరవై దాకా ఆగకుండా సార్ అంత తొందరపడ్డారేంటమ్మా?"

"వరదొచ్చినప్పుడు మీరే పిలిచారు నాయనా. కొట్టు మూసేసి వెళ్ళాడు. నీళ్ళలో పోయాడు."

గుమాస్తా కళ్ళు మెరిశాయి. గబగబా కాగితాలు తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడుందమ్మా. ఆ రోజు చీకటి పడుతుంటే విజిల్ ఊదారు. రిజర్వు వాళ్ళ డ్యూటీ అక్కడితో సరి. సార్ విజిల్ ఊదాక మళ్ళీ నీళ్ళలోకి దిగారు. విజిల్ ఊదాక ఆయనకి అక్కడేం పని?"

"ఎదురుగా మేడ మీద ఇంకా మనుషులున్నారు నాయనా. వాళ్ళకి మీ విజిల్ వినబడలేదు. అరుస్తూనే ఉన్నారు."

గుమాస్తా తల దించుకుని, "అది ఓవర్‌టైం కిందికి వస్తుందమ్మా" అన్నాడు. "పార్ట్‌టైం వాళ్ళకి ఓవర్‌టైం ఉండదు."

ఆ మేడ మీంచి మా ఆయన దించినవాళ్ళందరూ క్షేమంగా ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయనకి ఈ మధ్యనే పెన్షన్ మొదలైందట. ఆయన అరవై ఏళ్ళూ బతికే నింపుకున్నాడు.

ఇట్లు,
తాళాలత్త (వీధిలో అందరూ పిలిచే పేరు ఇదే),
వయసు అరవై ఒకటి దాటింది, ఆయనకంటే ఏడాదే ఎక్కువ.
ఇప్పుడుంటున్నది ఆడపడుచు ఇంటి మేడ మీద.