అత్తగారి కుర్చీకి కొత్త కొలత

ఆ ఆదివారం ఉదయం అల్లుడి పథకం చాలా చిన్నది. డాబా మీదున్న కుర్చీని కిందికి దించాలి, సాయంత్రం, ముందురోజే తమ ఇంటికొచ్చిన అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆవిడ ముందు పెట్టాలి, "బాగుంది బాబూ" అనిపించుకోవాలి. ఆ ఒక్క మాట కోసం పదిహేనేళ్ళుగా చకోరపక్షిలా ఎదురుచూస్తున్నాడు. పెళ్ళైన కొత్తలో అతను గోడకి బిగించిన చెక్క అర ఊడి అత్తగారి భుజం మీద పడింది. అప్పట్నుంచీ అతని చేతిలో సుత్తి కనబడితే చాలు, ఆవిడ పక్కగదిలోకి వెళ్ళిపోతుంది.

కుర్చీ మామగారి హయాంలోది, అత్తగారింటి నుంచి ఎప్పుడో తెచ్చింది, అసలు సిసలు టేకు. అల్లుడు నెల రోజుల ఆదివారాలు ధారపోసి పాత రంగు గీకాడు, ఉప్పుకాగితంతో రుద్దాడు, పాలిష్ పట్టించాడు. వీపు ఆనే పలక మీద అత్తగారి పేరు చెక్కాడు. ఇక దించడమే తరువాయి అనగా అతనికో బుద్ధి పుట్టింది. సర్వే ఆఫీసులో ఎత్తుపల్లాలు కొలిచే మనిషి కదా, రసమట్టం తెచ్చి కుర్చీ మీద పెట్టాడు. దాని గాజుగొట్టంలో బుడగ ఎడమకి జరిగింది.

ఎత్తుగా ఉన్న వైపు కాళ్ళు కాస్త కోశాడు. బుడగ మధ్యకొచ్చింది. ఎండ పడుతోందని కుర్చీని నీడలోకి జరిపి మళ్ళీ చూస్తే బుడగ కుడికి పోయింది. అటు కోశాడు. నీడ జరిగింది, కుర్చీ జరిగింది, బుడగా జరిగింది. అల్లుడికి పట్టుదల పెరిగింది, కుర్చీ మాత్రం తరిగింది.

భార్య మెట్లెక్కి వచ్చింది. "ఏమండీ, ఆ రంపం చప్పుడేంటని అమ్మ అడిగింది. ట్యాంకు బాగుచేస్తున్నారని చెప్పాను."

"ట్యాంకుకి రంపమెందుకే?"

"అమ్మా అదే అడిగింది."

అడిగి ఊరుకోలేదు కూడా. "అల్లుడు ట్యాంకు మీద చెయ్యేశాడు, ఇల్లు మునిగేలోపు రా" అని అత్తగారు ప్లంబరుకి ఫోన్ చేసింది. పావుగంటలో వచ్చిన ప్లంబరు కుర్చీనీ, రంపాన్నీ, రసమట్టాన్నీ కాసేపు తేరిపార చూశాడు.

"సార్, వాననీళ్ళు పోవాలని డాబా వాలుగా కడతారు కదా. ఒక్కో మూల ఒక్కో వాలు. ఇక్కడ పెట్టి కొలిస్తే ఎలా?"

అల్లుడు రసమట్టాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

"ఇంతకీ మీరేం పని చేస్తారు సార్?"

"ఎత్తుపల్లాలు కొలుస్తాను."

ప్లంబరు మర్యాదస్తుడు, నవ్వలేదు. ఇద్దరూ కలిసి కుర్చీని మెట్ల మలుపులో ఉన్న చదును నేల మీదికి చేర్చి, ఆఖరిసారి కోసి సరిచేశారు. అప్పటికి కాళ్ళు బెత్తెడు పైనే పోయాయి. అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ.

"ప్లంబరొచ్చి ఏం చేస్తున్నాడని అడుగుతోంది అమ్మ," కింద నుంచి భార్య కేక.

"ఏదో ఒకటి చేసినట్టుండాలి కదా సార్," అని ప్లంబరు పైకెళ్ళి ట్యాంకు వాల్వు కట్టేశాడు. సరిగ్గా అప్పుడే స్నానాలగదిలో అత్తగారు తల నిండా నురగతో ఉంది.

రెండు నిమిషాల్లో ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని, సబ్బు మంటకి కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ మెట్లెక్కింది. "ఒక్క చుక్క రావట్లేదు. ఏం చేశారు మీరిద్దరూ?" ఆయాసంతో చేతికందిన కుర్చీలో కూలబడింది. అల్లుడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇంకో పదిహేనేళ్ళు గోవిందా అనుకున్నాడు.

ఎంతకీ తిట్లు రాలేదు. "ఇదెక్కడి కుర్చీ?" అంది అత్తగారు. "నా పాదాలు నేలకి ఆనాయి."

తువ్వాలు కొసతో కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగి చూసి, తమ పాత కుర్చీని గుర్తుపట్టింది. చెక్కిన అక్షరాల మీద మెల్లగా వేలు పోనిచ్చింది.

"మీ మామగారు ఆరడుగుల మనిషి. వడ్రంగి ఆయన కొలతకే చేశాడు, నన్నెవరూ అడగలేదు. నలభై ఏళ్ళు దీంట్లో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. నా కొలత నీకెలా తెలిసింది బాబూ?"

మెట్ల పైన నిలబడ్డ ప్లంబరు ఆకాశంలోకి చూశాడు.

"అంచనా వేశానండీ," అన్నాడు అల్లుడు.

"బాగుంది బాబూ. చాలా బాగుంది." ఆవిడ కాసేపు పాదాలు నేల మీద అటూ ఇటూ కదుపుకుని లేచింది. "మా ఇంట్లో ఇలాంటివి ఇంకా అయిదున్నాయి. భోజనాల బల్ల కూడా గడ్డం దాకా వస్తుంది. రేపే పంపిస్తాను. మంచం సంగతి తర్వాత చూద్దాం."

మెప్పు తర్వాత ఇంత ఉంటుందని ముందే తెలిస్తే, అల్లుడు ఓ శాలువా కొనిచ్చి ఊరుకునేవాడు.