పొత్రం షికారుకెళ్ళింది

తొంభై ఏడు మే నెలలో ఒక ఉదయం ఢిల్లీలో సదాశివరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. మనవరాళ్ళిద్దరినీ రైలు మ్యూజియానికి తీసుకెళ్ళాలి, బొమ్మ రైలెక్కించాలి, దారిపొడుగునా పది కిలోల బరువు వీపున మోయాలి, భార్య ఉమకు తెలియకుండా ఆ బరువును మళ్ళీ ఇంట్లో పెట్టేయాలి.

ఈ బరువు సంగతికి మూలం లింగయ్య. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. ఏటా జూన్‌లో తన ఈడు వాళ్ళను పోగేసి, వీపులకు సంచులు తగిలించి కొండలెక్కిస్తాడు. ఈసారి గంగోత్రి దాటి గోముఖం. పోయినేడు సదాశివరావు తానూ వస్తానంటే, ముందు తుగ్లకాబాద్ కోట ఎక్కి చూపించమన్నాడు. సదాశివరావు ఎక్కాడు గాని, మెట్టు మెట్టుకీ కూర్చుని చరిత్ర చెప్పాడు. లింగయ్యకు చరిత్ర అక్కర్లేకపోయింది. ఈసారి షరతు పెట్టాడు. "నెల దినాలు పది కిలోల సంచి ఏసుకొని నడువు. ఆఖరి ఐతారం నేనే మీ ఇంటికొచ్చి చూస్త. సీటు ఒక్కటే ఉన్నది, యాదుంచుకో."

ఇంట్లో చెబితే ఉమ అడిగేది ఒకే ఒక్క మాట, "మోకాళ్ళు?" దానికి జవాబు లేదు గనక సదాశివరావు చెప్పలేదు.

పది కిలోల బరువు ఎక్కడ దొరుకుతుంది? బియ్యం తీస్తే డబ్బా తేలికైపోతుంది. ఆయన చూపు బాల్కనీలో రుబ్బురోలు మీద పడింది. కాపురానికొచ్చిన కొత్తలో ఉమ కాకినాడ నుంచి రైల్లో తెచ్చుకున్న రోలు అది. మిక్సీలో వేసిన పిండితో చేసినది ఇడ్లీ కాదని, ఇడ్లీ ఫొటో అని ఆవిడ అభిప్రాయం. పైగా సరోజినీ నగర్‌లో మే నెల సాయంత్రాలు కరెంటుండదు, రోలుకు కరెంటు అక్కర్లేదు. ఆవిడ రుబ్బేది సాయంత్రమే కనుక ఉదయంపూట పొత్రానికి పనిలేదు. రిటైరయ్యాక సదాశివరావుకూ లేదు. పనిలేనివి రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

ఆనాటి నుంచి రోజూ ఉదయం పొత్రం తువ్వాలు చుట్టుకుని, రెండు నీళ్ళ సీసాల తోడుతో సంచిలో కూర్చుని ఢిల్లీ చూడసాగింది. ఉమ అడిగితే, పిల్లలకు మంచినీళ్ళూ ఫలహారాలూ అని చెప్పేవాడు. ఆ పొత్రం జంతర్ మంతర్ చూసింది, బొమ్మల మ్యూజియం చూసింది, జూలో నీటి ఏనుగును కూడా చూసింది.

ఆ ఉదయం రైలు మ్యూజియం గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. "అంకుల్‌జీ, బ్యాగ్ ఖోలియే."

సంచి తెరిచాడు. తువ్వాలు విప్పాడు. కాపలావాడు వంగి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "యే క్యా హై?"

పదేళ్ళ అక్షర సాయానికొచ్చింది. "హమారీ నానమ్మ కా పత్థర్ హై, భయ్యా. రోజ్ హమారే సాథ్ ఘూమ్‌నే ఆతా హై."

రోజూ తమతో షికారుకొచ్చే రాయి అని మనవరాలు అంత స్పష్టంగా చెప్పాక కాపలావాడికి ఏం చేయాలో తోచలేదు. ఈలోగా వెనక వరసలోంచి ఒక గొంతు వినబడింది.

"అన్నయ్యగారూ! పొత్రం గడప దాటిందేమిటండీ?"

పక్క బ్లాకులో ఉండే కమలాకుమారి. ఏలూరు నుంచి వచ్చిన చుట్టాలకు ఊరు చూపిస్తోంది. తెలుగింట్లోంచి మంచం బయటికొస్తే నల్లులనుకుంటారు. పొత్రం బయటికొస్తే మాత్రం దానికి ఒకటే అర్థం, వేరు కాపురం.

సదాశివరావుకు అది తట్టలేదు. తట్టింది ఒకటే, ఆవిడ పసిగట్టిన కొండల సంగతి మధ్యాహ్నానికల్లా ఉమకు చేరుతుందని. గొంతు తగ్గించాడు. "ఉమకి మాత్రం చెప్పకండమ్మా. సమయం చూసి నేనే చెప్తాను."

"వదినగారికి కూడా తెలీదా!" కమలాకుమారి గుండె మీద చెయ్యేసుకుంది. "ఎప్పుడండీ వెళ్ళడం?"

"జూన్ మొదట్లో."

"ఎక్కడికి, యమున అవతల వైశాలికేనా? మా ఆడపడుచు అత్తమామలు కూడా అలాగే వెళ్ళారు లెండి."

ఆవిడ ఆడపడుచు అత్తమామలు కొండలెప్పుడెక్కారో ఆయనకు అర్థం కాలేదు. కొండలకు పోయే బస్సు కూడా ఆ పక్కనుంచే పోతుంది కనుక, "ఆ, ఆ వైపే" అన్నాడు. అది అబద్ధం కూడా కాదనుకున్నాడు.

కమలాకుమారి మాట మీద నిలబడే మనిషి. ఉమకు చెప్పలేదు. ఉమకు తప్ప అందరికీ చెప్పింది.

మర్నాడు భోజనాల వేళ ఆ వార్త ఆర్.కె.పురం ఆఫీసులో ఉన్న కోడలు గౌరి చెవిన పడింది. ఆ రాత్రి ఇంట్లో మామగారికిష్టమైన గుత్తివంకాయ కూర వచ్చింది. తర్వాతి రాత్రి కూడా గుత్తివంకాయే. ఉమ బాల్కనీలో పిండి రుబ్బుతుండగా గౌరి మామగారి కంచంలో ఇంకో వంకాయ వేసి, "నావల్ల ఏమైనా లోటు జరిగిందా మావయ్యగారూ?" అంది.

"నీ వల్ల లోటేమిటమ్మా? ఇన్నేళ్ళూ ఈ ఇంట్లోనే ఉండిపోయాను, మనసు లాగుతోంది. అంతే."

గౌరి వంటింట్లోకి వెళ్ళి ముక్కు చీదుకుంది. ఉల్లిపాయలనుకున్నాడాయన.

తర్వాత కొడుకు సుధీర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "నాన్నా, నాకంతా తెలిసింది. వెళ్ళాలనుంటే వెళ్ళండి. కానీ అమ్మని వదిలేసా?"

కొడుకు ఒప్పుకున్నందుకు సదాశివరావు కళ్ళు చెమర్చాయి. "మీ అమ్మ ఎక్కలేదురా."

"మెట్లే కదా? కింద పోర్షన్ చూసుకోవచ్చుగా?"

"కిందేముందిరా? చూడాల్సిందంతా పైనే ఉంది" అని సదాశివరావు వేలెత్తి చూపించాడు. సుధీర్ ఆ వేలు వైపు చూసి, వైశాలి కంటే పెద్ద ప్రమాదమే ఉందనుకుని, ఆ రాత్రి రెండుసార్లు లేచి తండ్రి పడుకున్నాడో లేదో చూసి వచ్చాడు.

ఆఖరి ఆదివారం వచ్చింది. లింగయ్య వచ్చే వేళకు తయారుగా ఉండాలని సదాశివరావు సంచిని మెట్ల కిందకు దించి, చెట్టు నీడలో పెట్టి నిలబడ్డాడు. ముందుగా వచ్చింది లింగయ్య కాదు. కమలాకుమారి వచ్చింది, ఆవిడ చేతిలో కిరసనాయిలు స్టవ్వు వచ్చింది, ఆవిడ వెనక నలుగురు పెద్దమనుషులూ ఒక ప్రాపర్టీ డీలరూ వచ్చారు.

అలికిడికి ఉమ కిందకు దిగింది. వెనకే గౌరి, సుధీర్, పిల్లలు.

"ఎవరికమ్మా ఈ స్టవ్వు?" అంది ఉమ.

"మీరు గుండె దిటవు చేసుకోండి వదినగారూ. గ్యాసు కనెక్షనొచ్చేదాకా అన్నయ్యగారికి ఇది ఉంటుంది."

"గ్రౌండ్ ఫ్లోర్ హై భాభీజీ, పానీ భీ అచ్ఛా హై" అంటూ డీలరు, నీళ్ళకూ లోటుండదని ధైర్యం చెప్పాడు.

గౌరి ఇక ఆపుకోలేకపోయింది. "అత్తయ్యా, మావయ్యగారు ఇల్లు విడిచి వెళ్ళిపోయేంత తప్పు నేనేం చేశాను?"

సరిగ్గా అప్పుడు లింగయ్య స్కూటరు దిగి, "ఏం సదాశివరావ్, సంచి తయ్యారేనా? పోదమా?" అన్నాడు.

"చూశారా!" కమలాకుమారి స్టవ్వును గుండెలకు హత్తుకుంది. "తీసుకుపోవడానికి మనిషి కూడా వచ్చేశాడు."

ఉమ మొగుడి వైపు చూసింది. "ఏవండీ, ఎక్కడికి?"

"గోముఖానికి" అన్నాడు సదాశివరావు, నేలవైపు చూస్తూ.

డీలరు చేతిలోని తాళాలు జేబులో వేసుకున్నాడు. ముందుగా తేరుకున్నది గౌరి. "మీరు కొండెక్కడానికా మావయ్యగారూ, నేను ఆఫీసు నుంచొచ్చి రోజూ వంకాయలకు కారం కూరింది?"

"నీకు చెబితే వద్దంటావని..." సదాశివరావు ఉమతో నసిగాడు.

"చెప్పక్కర్లేదు లెండి. పొత్రానికి మీ తువ్వాలు పోగులంటుకుని పిండిలో తేలుతుంటే తెలీదేమిటి? ఎన్నాళ్ళకు చెప్తారో చూద్దామని ఊరుకున్నాను. వెళ్ళండి, నాకేం? మోకాళ్ళు మీవి."

లింగయ్య చేతులు దులిపాడు. "ఠీక్ హై. చెల్లెమ్మ ఒప్పుకున్నది. ఇగ సంచి ఎత్తుకొని మార్కెట్ దాంక నడిచి చూపియ్."

సదాశివరావు సంచి పట్టీలోకి చేయి దూర్చాడు. అంతలో ఆరేళ్ళ భవ్యశ్రీ ఆయన చొక్కా లాగింది. "తాతయ్యా, ఆటో బులావూఁ?"

"ఆటో ఎందుకు బిడ్డా?" అన్నాడు లింగయ్య.

"బ్యాగ్ కే లియే. రోజూ ఆటోలోనే కదా వెళ్తుంది."

"నహీఁ అంకుల్," అక్షర న్యాయంగా సర్దింది. "మొదటి రోజు తాతయ్యే మోశారు. గేట్ దాకా."

లింగయ్య తుగ్లకాబాద్‌లో చూసినట్టే చూశాడు. "ఎండల్లో పిల్లల్ని నడిపిస్తామా?" అన్నాడు సదాశివరావు. పట్టీలోంచి చెయ్యి దానంతటదే బయటికి వచ్చేసింది.

"ముందు నా పొత్రం ఇలా ఇవ్వండి" అని ఉమ సంచిని భుజానికి తగిలించుకుంది. "సాయంత్రానికి పప్పు నానబోయాలి. కమలగారూ, ఆ స్టవ్వు జాగ్రత్త, వత్తులు పాడయినట్టున్నాయి. మీరంతా పైకి రండి, ఇడ్లీ తిని వెళ్దురుగాని. గౌరీ, కళ్ళు తుడుచుకోమ్మా, చట్నీకి కొబ్బరి కొట్టు..." అంటూ రెండో అంతస్తు దాకా ఎక్కేసింది. మాట ఎక్కడా ఆగలేదు, ఊపిరి అసలే ఆగలేదు.

లింగయ్య తల పైకెత్తి చూస్తూ నిలబడిపోయాడు. "చెల్లెమ్మా! గిది ఎన్నేండ్ల సంది మోస్తున్నవ్?"

"మోయడమేమిటన్నయ్యగారూ?" పిట్టగోడ మీంచి ఉమ తొంగిచూసింది. "రోజూ ఎత్తి కడగొద్దూ?"

"ఈసారి మా ఇంటామె గూడ వస్తున్నది. ఆడతోడు లేదని ఒక్కటే గునుసుడు. నువ్వొస్తవా?"

ముప్ఫై ఏళ్ళుగా ఉమను ఎక్కడికైనా వస్తావా అని అడిగినవాళ్ళు లేరు; ఎప్పుడు వండుతావనే అడిగారు. "పిల్లల సెలవులు కదా..." అంది చివరికి.

"మావయ్యగారున్నారుగా అత్తయ్యా" అంది గౌరి. ఆ మాటలో వంకాయలన్నీ ఉన్నాయి.

ఒకే ఒక్క సీటు అలా నిండిపోయింది.

జూన్ మొదట్లో కశ్మీరీ గేటు బస్‌స్టాండ్‌లో సదాశివరావు చెరోవైపు ఒక మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. బెంగ ఉన్నమాట నిజమే. అయితే ఆ రోజు పిల్లల ఆటల పార్కు అప్పూఘర్‌కి వెళ్ళాలి, అక్కడికి ఏమీ మోసుకెళ్ళనక్కర్లేదు. ఆ సంగతి గుర్తొచ్చి మోకాళ్ళు ముందుగా తేలికపడ్డాయి, తర్వాత ఆయనా తేలికపడ్డాడు.

బస్సు కదలబోతుంటే ఉమ కిటికీలోంచి తల బయటపెట్టింది. కొత్త కాన్వాసు బూట్లు, తలకు ఊలు టోపీ, ఆయన ఎప్పుడూ చూడని ముఖం.

"ఏవండీ," అంది, "పప్పు నానబోసి వచ్చాను."

పొత్రం ఎక్కడుంటుందో ఆయనకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.