పలక కదిలింది

ఆ పొద్దున్న వెంకటస్వామి చేయదలచుకున్న పని ఒక్కటే. పది గంటలకి పంతులుగారు వచ్చేలోపు, పెరట్లో సెప్టిక్ ట్యాంకు మీద కదిలిపోయిన పలకని తాపీమేస్త్రీ చేత సరిచేయించాలి.

భార్య కాంతానికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఆయన సత్యనారాయణస్వామి వ్రతం మొక్కుకున్నాడు. అయిదుసార్లు ముహూర్తం పెట్టుకున్నాడు, అయిదుసార్లూ వాయిదా పడింది. ఒకసారి తుఫాను, ఒకసారి మైల, ఒకసారి పంతులుగారికి జ్వరం. మిగతా రెండూ ఎందుకు ఆగాయో ఆయనకే గుర్తులేదు. రేపు పంతులుగారు కాశీ వెళ్తున్నారు, నెలన్నర దాకా రారు. ఈసారి కూడా తప్పితే స్వామి తన మాట నమ్మడం మానేస్తాడేమోనని వెంకటస్వామి బెంగ. కాళ్లు కడుక్కోవడానికి చుట్టాలంతా ఆ పలక పక్కనుంచే వెళ్లాలి. వ్రతానికొచ్చిన మనిషి ట్యాంకులో పడితే ఆ పాపం ఎవరిది?

ఇంట్లో సిగ్నల్ అందదు. వీధి అరుగు మీదికొచ్చి ఫోను చెవికి ఆనించి గట్టిగా అరిచాడు. "దుర్గారావూ! కింద పలక కదిలిపోయిందయ్యా! ఒకటి కాదు, రెండు. ఒకదాని కిందకి ఇంకోటి దూరిపోయింది. మధ్యలోంచి ఆవిరి, గాసు. ఎప్పుడు కూలుద్దో తెలీదు. పదింటిలోపు వచ్చెయ్యి!"

"ఆయ్, వచ్చేత్తానండి," అని అవతల దుర్గారావు ఫోను పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడు ఎదురింటి వరండాలో సత్యదుర్గ డీఎస్సీ పుస్తకం పైకి చదువుతోంది. ఆరేళ్లుగా చదువుతూనే ఉంది. "భూమి పైపెంకు కొన్ని పలకలుగా విడిపోయి ఉంటుంది. ఒక పలక మరొక పలక కిందకి దూరినచోట భూకంపాలు, అగ్నిపర్వతాలు..." అన్నచోట ఆమె నోరు ఆగిపోయింది. పుస్తకంలోని వాక్యం ఎదురింటి అరుగు మీంచి వినిపించడం ఆరేళ్లలో అదే మొదటిసారి.

పరుగున గేటు దగ్గరకొచ్చింది. "బాబాయిగారూ, పలక కదిలిందాండీ?"

"కదిలిందమ్మా. నిన్నటినించీ చప్పుడు చేస్తానే ఉంది. పొద్దున్న కాలెడితే ఊగింది."

"సతీష్ గారికి తెలుసాండీ?"

నాగసతీష్ వెంకటస్వామి మేనల్లుడు. ఓడలరేవులో భూమిలోంచి గాసు తీసే కంపెనీలో పనిచేస్తాడు. అక్కడ అతను క్యాంటీన్లో ఇడ్లీ వేయిస్తాడన్న సంగతి వీధిలో ఎవరికీ పట్టలేదు.

"వాడు మొన్న వచ్చినప్పుడే చెప్పేడమ్మా, ఇది ఎక్కువరోజులు ఆగదు మావయ్యా అని. నేనే అశ్రద్ధ చేసేను."

"ఎంత టైముందండీ?"

"పదింటిలోపు ఏదోటి అయిపోవాలి. తర్వాత జనం వచ్చేత్తారు గదా," అని ఆయన స్నానానికి వెళ్లిపోయాడు.

సత్యదుర్గ ముందు గ్యాస్ సిలిండరు వీధిలోకి దొర్లించింది. తర్వాత టీవీ తెచ్చింది. ఆ తర్వాత వాట్సాప్‌లో పెట్టింది. అరగంటలో వీధి వీధంతా బొంతలు, బిందెలు, కోళ్లతో బయటికొచ్చింది. మస్కట్‌లో పన్నెండేళ్లు పనిచేసి వచ్చిన జగ్గయ్య అందరికీ ధైర్యం చెప్పే పని తీసుకున్నాడు. "పశువులకి ముందే తెలుసుద్దండి. పొద్దున్నించీ మా గేదె కుడితి ముట్టలేదు."

"మీరు పెడితే గదా ముట్టడానికి," అంది అతని భార్య బుల్లెమ్మ. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

నెత్తిన కొబ్బరిచెట్టు పడ్డా కాయ పడ్డా ప్రమాదమే కాబట్టి చెట్లు లేనిచోట కూర్చోవాలన్నాడు జగ్గయ్య. కోనసీమలో అటువంటి చోటు ఎక్కడుందని అందరూ అటూ ఇటూ చూశారు. చివరికి వెంకటస్వామి వ్రతానికి పందిరి వేసిన వాకిలే కాస్త నయమని తేలింది.

వెంకటస్వామి పట్టుపంచె కట్టుకుని బయటికి వచ్చేసరికి పంతులుగారి ఫోను. "క్షమించండి, నేను రాలేనండి. మీ ఊళ్లో భూకంపమట గదా!"

"భూకంపమా? ఎవరు చెప్పేరండీ?"

"మీ వీధిలో ఎవరో పెద్దాయన చెప్పేరట. జన్మలో అబద్ధమాడని మనిషంట."

ఆ పెద్దాయన ఎవరై ఉంటారా అని ఆలోచిస్తూ వెంకటస్వామి గుమ్మం పట్టుకున్నాడు. చప్పున వెలిగింది. "కాంతం! అందుకేనే మన పలక కదిలింది!"

ఇద్దరూ కలశం, స్వామి పటం పట్టుకుని పందిట్లోకి వచ్చేశారు. అప్పటికే అక్కడ వీధంతా ఉంది. ఇంత పొద్దున్నే చుట్టాలు ఎందుకొచ్చారా అని కాంతం ఒక్క క్షణం తికమకపడింది.

"ఏవండీ, కింద మంటేనంట గదా, మనం గుడ్డుపెంకంత పొర మీద ఉన్నామంట. సత్యదుర్గ చెప్తంది," అంది కాంతం.

"అయ్యుంటుందే."

"మరి ఆదిశేషుడు మోత్తన్నాడని విన్నాం గదా?"

వెంకటస్వామి కలశంలో నీళ్ల వంక చూశాడు. "ఎవరు మోసినా అలిసిపోతారు గదే," అన్నాడు. ఆరోసారి కూడా వ్రతం ఆగిపోయిందని ఆయనకి అర్థమైంది. పందిరి రాటకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు.

పదకొండింటికి గ్రామ సచివాలయంలో పనిచేసే అనిత స్కూటీ మీద వచ్చింది. "ఎక్కడా ఏమీ నమోదవలేదండి. ఎవరు చెప్పేరు మీకు?"

అందరూ జగ్గయ్యని చూపించారు. జగ్గయ్య సత్యదుర్గని చూపించాడు. సత్యదుర్గ వెంకటస్వామిని చూపించింది.

"నేనా? నాకు పంతులుగారు చెప్పేరమ్మా!" అన్నాడాయన ఆశ్చర్యపోయి.

"మరి పలకలు కదిలేయన్నారంట?"

"అది మాత్రం నిజమేనమ్మా. అబద్ధమైతే నా కళ్లు పోతాయి. రండి, చూపిత్తాను."

ఊరేగింపులా అందరూ పెరట్లోకి నడిచారు. రెండు సిమెంటు పలకలు. ఒకదాని కిందకి ఇంకొకటి దూరి ఉంది. మధ్య సందులోంచి ఆవిరి, గాసు. అనిత చున్నీతో ముక్కు మూసుకుంది. సత్యదుర్గ చేతిలో పుస్తకం మెల్లిగా మూసుకుంది.

"పుస్తకంలో ఉన్నట్టే ఉందండి," అంది ఆమె చిన్నగా. "వాసన గురించే రాయలేదు."

తిట్టడానికి ఎవరికీ ఓపిక లేదు. అనిత పంతులుగారికి ఫోను చేసి ఉన్నపళంగా రప్పించింది. ముహూర్తం పన్నెండున్నర దాకా ఉందని ఆయన వేళ్లు లెక్కపెట్టి చెప్పారు. పిలిచిన పాతికమంది చుట్టాలు భూకంపం మాట విని కొత్తపేట బస్టాండులోంచే వెనక్కి తిరిగిపోయారు. పిలవని వీధి మాత్రం బొంతలు పరుచుకుని కదలకుండా అయిదు కథలూ విన్నది. ఎవరి పొయ్యి వాళ్లు ఎప్పుడో ఆర్పేసుకున్నారు కాబట్టి లేచి వెళ్లే తొందర కూడా లేదు. ప్రసాదం చాలకపోతే, వీధిలో ఉన్న సత్యదుర్గ సిలిండరే పందిట్లోకి దొర్లించి మళ్లీ రవ్వ వేయించారు. తన ఇంట ఇంతమంది స్వామి పేరు తలవడం వెంకటస్వామి ఎన్నడూ ఎరగడు. మొక్కు తీరింది. ఎలా తీరిందని స్వామి అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఆయనకి తోచలేదు.

సాయంత్రం దుర్గారావుకి మళ్లీ ఫోను చేశాడు. "రాలేదేమయ్యా?"

"బయల్దేరేనండి. సెంటర్లో అంతా పలకల గురించే మాటాడుకుంటన్నారు. ఎంత గట్టిగా కదిలినా ఏడాదికి రెండంగుళాలేనంట గదండీ. ఇంకేం తొందరని ఎనక్కెళ్లిపోయేను. వచ్చేవారం చూద్దారండి."

దుర్గారావు కూడా అదే వేగంతో కదులుతాడని వెంకటస్వామికి ముందునుంచీ తెలుసు.