మినహాయింపుల పైకప్పు

శనివారం పొద్దున టిఫిన్ లోపే జీతం మీద పన్ను లెక్క రాసి పడేసి, తర్వాత చర్చి కమిటీకి వెళ్లాలని పాల్ రాజ్ సారు అనుకున్నాడు. బోధన్‌లో లెక్కలు చెప్పే సారే గానీ, ఫిబ్రవరి వచ్చిందంటే ఆయనకు లెక్కలంటేనే చిరాకు. పాత పద్ధతిలో ఒకసారి లెక్కేశాడు, కొత్త పద్ధతిలో ఒకసారి లెక్కేశాడు. చాయ్ చల్లారింది. లేచి వాకిట్లో తిరిగాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"పది రూపాయలొస్తే ఒకటి పట్కపోరాదా! గీ కోతలేంది, గీ మినాయింపులేంది? అందరికీ ఒక్కటే రేటు పెడితే వీళ్ల సొమ్మేం పోతది?"

భార్య షారోన్ ఉప్మా తెచ్చి ముందు పెట్టింది. "గంత మంచిగుంటే మన చర్చిల పెట్టున్రి. ఈస్టర్ లోపు కొత్త రేకులేయిస్త, లేకుంటే సెక్రటరీ పదవి ఇడిసిపెడ్త అని అందరి ముంగట మాటిచ్చిన్రు గద."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడు చర్చిలో రేకుల చందా, కుర్చీల చందా, మైకు చందా అన్నీ ఒక్క దెబ్బతో రద్దు చేశాడు. "సంపాదనల పదో వంతు. ఒక్కటే రేటు. మినాయింపుల్లేవు." అందరూ చేతులెత్తారు. అర్థం కాకపోయినా చేతులెత్తడం మనకు అలవాటే.

సోమవారం పసుపు రైతు జీవరాజు తన చేను నుంచి ట్రాక్టర్ తెచ్చి, సారు వాకిట్లో పచ్చి పసుపు కుప్ప పోశాడు.

"గిదేంది జీవరాజన్నా?"

"పదో వంతు సారూ. గిప్పుడే తవ్వినం. ఉడకబెట్టి ఎండబెడితే అయిదో పాలే మిగుల్తది. మీరు మొత్తం మీద అంటిరి. ఇగ ఉడకబెట్టుడు మీదే."

అడుగు పెట్టే చోటు లేక షారోన్ మొగుణ్ని చూసిన చూపుకే ఆ పసుపు ఉడికిపోవాలి. సాయంత్రానికి కమిటీ పచ్చి పసుపుకు తరుగు ఒప్పుకుంది. ఆ సంగతి విని మంగళవారం గంగవ్వ వచ్చింది.

"నాకు తొమ్మిది కోళ్లే సారూ. పదో వంతంటే కోసి ఇయ్యాల్నా?"

పదిలోపు కోళ్లకు మినహాయింపు ఇచ్చారు. తెల్లారేసరికి ఇరవై కోళ్లున్న ప్రిస్కిల్లా వాటిని తన పేరా, ఇద్దరు కోడళ్ల పేరా పంచేసింది. చెరకు రైతులు ఎరువుల ఖర్చు తీసేయమన్నారు. అదీ తీసేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక గంగవ్వ లేచి అడిగింది.

"మరి మీ వంతెంత సారూ?"

"జీతంల పీఎఫ్ పోను, ఇంటి లోను పోను, చిట్టీ పోను..." అంటూ తన గొంతు తనే విని పాల్ రాజ్ ఆగిపోయాడు. చర్చి అంతా నవ్వింది. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. ఈస్టర్ ముంచుకొస్తోంది, చర్చి చందా డబ్బాలో పైసా లేదు, పైన రేకు గాలికి టపటపలాడుతోంది.

ఇంతకీ ఆ మినహాయింపులు ఎవరికీ అర్థం కాలేదు. తమ వంతు లెక్క కాగితం మీద రాసిపెట్టమని సంఘమంతా ఆయన వాకిట్లోనే, పసుపు కుప్ప పక్కనే, కూర్చుంది. కమిటీ వారం వారం రూలు మార్చేది, వీళ్లు మళ్లీ వచ్చేవాళ్లు. చాయ్ పెట్టి పెట్టి విసిగిపోయిన షారోన్ గుమ్మంలో డబ్బా పెట్టింది.

"రాయించుకున్నప్పుడల్ల మనిషికి యాభై రూపాయలు. చర్చి రేకులకే. ముందుగాల గీ డబ్బాల ఏసి కూసోన్రి."

ఆ డబ్బా పైసలతోనే ఈస్టర్ ముందటి శనివారం చర్చి మీదికి కొత్త రేకులు ఎక్కాయి. పదో వంతు కింద వచ్చింది పసుపు కుప్ప ఒక్కటే; అది వాకిట్లోనే మొలకెత్తింది. పెద్దా చిన్నా అందరికీ ఒక్కటే రేటైన ఆ యాభై మీద మాత్రం ఎవరూ మినహాయింపు అడగలేదు.