ఒంటికాలి జనసందోహం

బస్సులు పెట్టకుండా, పొట్లాలు పంచకుండా, కేవలం సైన్సు సాయంతో అయిదు వేల హాజరుతో సభ జరపబోతున్నట్టు మత్స్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. ఈ సంగతి సైన్సుకి తెలియదు. సైన్సు అప్పుడు రబ్బరు బూట్లు వేసుకుని లాబ్‌లో తొట్టె కడుగుతోంది.

సైన్సంటే నత్తల మేడమ్. పద్దెనిమిదేళ్లుగా సముద్రపు కుందేళ్లే ఆవిడ లోకం. పేరుకే కుందేళ్లు, చెవుల్లాంటి కొమ్ములున్న నత్తలవి. ఒకటి సేమ్యాలా పొడుగ్గా గుడ్ల దారం పెడితే, అందులోంచి కొన్ని ప్రొటీన్లు నీళ్లలో కలుస్తాయి. ఆ వాసన పట్టుకుని ఎక్కడెక్కడివో పాక్కుంటూ వచ్చి జతకడతాయి. వచ్చినవీ గుడ్లు పెడతాయి, వాటికోసం ఇంకొన్ని వస్తాయి. దీనిమీద ఆవిడ పదకొండు పరిశోధన పత్రాలు రాశారు. మంత్రిగారు ఒక్కటీ చదవలేదు. లాబ్ మూసి ఫంక్షన్ హాల్ కట్టడానికి కొలతలు తీయించుకుంటూ, గోడమీది చార్టులో ఒక్క మాట మాత్రం చదివారు: ఆకర్షణ.

మంత్రిగారు సామాన్యులు కారు. ఆయన మైకు పట్టుకుంటే మైదానమంతా నిశ్శబ్దం. ఖాళీ కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చే చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

"ఈ మందు ఎంత దూరం లాగుతుందమ్మా?" అన్నారు మేడమ్‌తో, లాబ్‌కొచ్చి.

"మందు కాదు సార్, ప్రొటీను. నీళ్లలోనే పనిచేస్తుంది. అదీ నత్తల మీదే."

"జనం మీద?"

"పనిచేయదండీ."

"నా స్పీచీ అంతే. అలాగని మానేశానా?"

పీయే ఆవిణ్ణి పక్కకి పిలిచాడు. "మేడమ్, అయిదు వేలు దాటితే లాబ్ ఉంటుంది. దాటకపోతే ఈ తొట్టె ఉన్నచోట పెళ్లివాళ్లు చేతులు కడుక్కుంటారు. మీ ఇష్టం."

సభ సముద్రం ఒడ్డున. వేదిక మెట్లు మోకాలిలోతు నీళ్లలోకి దిగుతాయి. గుడ్ల దారాలు వలసంచుల్లో వేసి మేడమ్ ఆ మెట్లకి కట్టారు. నాలుగింటికి సభ మొదలైంది. హాజరు: పీయే, మైకతను, మైకతని బావమరిది. అయిదయ్యేసరికి నీటి అడుగున ఇసక కదిలింది. పది, వంద, వేలు! ఒకదాని వెనక ఒకటి గొలుసులు కట్టుకుని వచ్చేస్తున్నాయి.

"ఏం క్యూ! ఏం క్రమశిక్షణ!" మంత్రిగారు మైకులోనే మురిసిపోయారు. "ఒకళ్లమీద ఒకళ్లు పడిపోతున్నారయ్యా! నా సభలో తొక్కిసలాట ఇదే మొదటిసారి!"

మూడు గంటలు మాట్లాడారు. ఒక్కరూ లేచి వెళ్లలేదు. ఉండబట్టలేక మెట్లు దిగి కరచాలనానికి చెయ్యి చాస్తే, అవి బెదిరి ఊదారంగు సిరా చిమ్మాయి. "రంగు చల్లుతున్నారు, రంగు!" అని తెల్లచొక్కా పీయేకి చూపించి కళ్లు తుడుచుకున్నారు.

ఈలోగా మేడమ్ అలవాటు ప్రకారం తీగచట్రం పరిచి, గడికి ఎన్నో లెక్కపెట్టి రిజిస్టర్లో వేశారు. ఆ రిజిస్టర్లో ఇన్నేళ్లుగా తప్పు అంకె పడలేదు.

"రెండు వేల ఆరు వందలు," అన్నారు.

"సగమే కదా మేడమ్!" అన్నాడు పీయే. "అయిదు వేలని రాసెయ్యండి, ఎవడు చూడొచ్చాడు?"

"చచ్చినా రాయను."

"లాబ్ పోతుందండీ!"

"పోనీయండి."

పీయే నిట్టూర్చి ఫారం తీశాడు. "సరే, ఇందులో మగ ఎన్ని, ఆడ ఎన్ని?"

"ప్రతిదీ రెండూనండీ. ఒకే నత్త మగదీ, ఆడదీ కూడా."

పీయే పెన్ను ఆగింది. మొహం వెలిగింది. "మగవాళ్లు రెండు వేల ఆరు వందలు. మహిళలు రెండు వేల ఆరు వందలు. ఇందులో అబద్ధముందా? సంతకం పెట్టండి."

మేడమ్ ఆ రెండు అంకెల్నీ రిజిస్టర్‌తో సరిచూశారు. రెండూ నిజమే. సంతకం పెట్టారు.

తెల్లారేసరికి లాబ్ కొనసాగింపు ఉత్తర్వు వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా నత్తనడక నడిచిన ఫైలు ఒక్కరోజులో రెక్కలు కట్టుకుంది. 'మహిళలు సరిసమానంగా, ఒంటికాలి మీద తరలివచ్చారు' అని మంత్రిగారు పత్రికలకి చెప్పారు. నత్తకి ఉన్నది ఒక్కటే కాలు గనక ఎవరూ ఖండించలేకపోయారు.

మధ్యాహ్నం పీయే ఫోను.

"మేడమ్, అధిష్ఠానం పొంగిపోయింది! వచ్చే నెల సభ కొండమీద. మనవాళ్లే రావాలట. బస్సులెన్ని పెట్టమంటారు?"

"కొండమీదేమిటండీ! నీళ్లు లేకపోతే చచ్చిపోతాయవి!"

"దానికంత కంగారెందుకు మేడమ్, నీళ్ల ప్యాకెట్లు ఎప్పుడూ పంచేవేగా. తలకి రెండు. మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి."