నిమిషానికి తొంభై చుట్లు

ఒక పెద్ద అడవిలో డైరెక్టరు లేనంతకాలం నీళ్లకు ఇబ్బంది లేదు.

వేసవిలో అక్కడి వాగు ఎండిపోతుంది. ఆ తర్వాత మిగిలేది గుహలోని ఊట ఒక్కటే. అది బాగా లోతు, ఎవరి మూతికీ అందదు. అందుకని గుహలో ఒక సైకిలును నేలకు బిగించి, దాని నుంచి పంపుకు చైను తగిలించారు. ఆ సైకిలు ఎక్కడికీ పోదు. తొక్కితే మాత్రం నీరు పైకొచ్చి గుహ బయట గుంటలో పడుతుంది. తొక్కే పని అడవిదున్న వీరాస్వామిది. మెల్లగా, బలంగా తొక్కేవాడు. గుంట నిండేది. ఇంత సజావుగా సాగుతున్న పనిని చూస్తూ ఏ సభ మాత్రం ఎంతకాలం ఊరుకుంటుంది?

అడవి సభకు అధ్యక్షులు ఏనుగు పెద్దిరాజు గారు. ఆయనకు సొంత మడుగు ఉంది కాబట్టి తీరిక కూడా ఉంది. ఆయన నక్క సుదర్శనాన్ని శిక్షణ కోసం పట్నం పంపారు. సుదర్శనం అక్కడ ఒక జిమ్ము కిటికీ బయట, చెత్తకుండీ మీద నిలబడి మూడు రోజులు లోపలికి చూశాడు. నాలుగో రోజు తిరిగొచ్చి డైరెక్టరు అయ్యాడు.

"పట్నంలో సైకిలు ఇలా తొక్కరండి," అన్నాడు సభలో. "వాళ్లకి కేడెన్స్ అని ఒకటుంది. అంటే నిమిషానికి పెడలు ఎన్ని చుట్లు తిరిగిందీ అని లెక్క. తొంభై తిరగాలి. మన వీరాస్వామి ఎన్ని తిప్పుతున్నాడో తెలుసాండి? యాభై రెండు. నాకైతే తల కొట్టేసినట్టయింది."

చెత్తకుండీ మీద నిలబడ్డప్పుడు ఆ తల బాగానే ఉంది.

అధ్యక్షులు తొండం ఊపారు. గుహ హాలయింది. గోడకి అద్దం వచ్చింది, చుట్లు చూపించే బోర్డు వచ్చింది. సైకిలుకి బరువు పెంచే మర ఒకటి, తొక్కేవాడి పవరు చూపే ముల్లు ఒకటి బిగించారు. ఆ ముల్లు చూసి ఏం అర్థం చేసుకోవాలో సుదర్శనానికి తెలియదు. తెలియదని ఒప్పుకోవడం డైరెక్టర్లకు అలవాటు లేదు. దానిమీద తన తువ్వాలు ఆరేశాడు.

తర్వాత పంపు తొక్కే ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. వీరాస్వామి మర బిగించి యాభై రెండు తిప్పాడు. ఉడుత బుల్లెబ్బాయి మర మొత్తం వదులు చేసుకుని, పంపు చైను ఊడదీయించుకుని, పెడళ్ల మీద గెంతుతూ నూట ముప్పై తిప్పాడు. అద్దంలో తన తోక చూసుకుంటూ తిప్పాడు. సభ నోరెళ్లబెట్టింది.

వీరాస్వామి ముందుకొచ్చాడు. "అయ్యా, బరువు లేకపోతే ఎన్ని చుట్లయినా తిరుగుద్దండి. బరువుండాల, చుట్లుండాల. రెండూ కలిస్తేనే నీళ్లు పైకొత్తాయి."

"నీళ్ల సంగతి ఇక్కడెవరడిగారయ్యా?" అన్నాడు సుదర్శనం. "ఇది కేడెన్స్ పరీక్ష."

బుల్లెబ్బాయికి ఉద్యోగం ఇచ్చారు. వీరాస్వామిని తువ్వాళ్లు అందించే పనిలో వేశారు.

మర్నాడు చైను తగిలిస్తే బుల్లెబ్బాయి కింద పెడలు అంగుళం కూడా కదల్లేదు. బోర్డు మీద సున్నా పడింది. సుదర్శనం గుహలో అటూ ఇటూ తిరిగి కారణం కనిపెట్టాడు. "ఈ చైను వల్ల కేడెన్స్ దెబ్బతింటోంది. శాశ్వతంగా తీసెయ్యండి." తీసిన చైనును పారెయ్యమని వీరాస్వామికి ఇచ్చారు. అతను పారెయ్యలేదు, కొమ్ముకి తగిలించుకున్నాడు.

బోర్డు మళ్లీ నూట ముప్పై చూపింది. సుదర్శనం ఆ అంకెను రోజూ అధ్యక్షుల వారికి పంపాడు, వారు రోజూ సంతోషించారు. గుంటలో బురద తేలింది.

నాలుగో రోజు దుప్పి నీలవేణి వచ్చింది. ఆమె పిల్ల పుట్టి వారం కాలేదు.

"డైరెక్టరు గారూ, గుంటలో చుక్క లేదండి. నాకు పాలు ఇంకిపోయాయి. పిల్ల లేవట్లేదు."

"బోర్డు చూడమ్మా," అన్నాడు సుదర్శనం. "నూట ముప్పై. ఈ అడవి చరిత్రలో ఇంత ఎప్పుడూ లేదు."

"దాన్ని ఏ గిన్నెలో పట్టుకెళ్లమంటారు?"

సుదర్శనం జాలిగా చూసి, ఆమె పేరు అవగాహన తరగతుల జాబితాలో రాసుకున్నాడు. ఆ జాలి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అయిదో రోజు సన్మానం. అధ్యక్షులు వచ్చారు. బుల్లెబ్బాయి మెడలో దండ పడింది, ఎక్కి తొక్కితే బోర్డు నూట నలభై దాటింది. చప్పట్లు మోగుతుండగా నీలవేణి పిల్లను మూతితో నెట్టుకుంటూ తెచ్చి సైకిలు ముందు పడుకోబెట్టింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ముల్లు మీది తువ్వాలు పళ్లతో లాగేసింది.

ముల్లు సున్నా మీద ఉంది.

"అదేమిటయ్యా?" అన్నారు అధ్యక్షులు.

"అది అలంకారం అండి," అన్నాడు సుదర్శనం.

వీరాస్వామి తువ్వాళ్లు కింద పెట్టాడు. బుల్లెబ్బాయిని దండతో సహా ఎత్తి పక్కన కూర్చోబెట్టాడు. కొమ్ముకున్న చైను తీసి తగిలించాడు, మర బిగించాడు, తొక్కాడు. ముల్లు లేచింది. బోర్డు మీద యాభై రెండు. బయట గుంటలో నీళ్ల చప్పుడు వినిపించింది.

మొదట అధ్యక్షులు తాగారు. అది మర్యాద. గుంట రెండుసార్లు ఖాళీ అయింది. మూడోసారి నిండుతుంటే వారికి ఊపిరాడక ఆగారు, అప్పుడు దుప్పిపిల్ల మూతి నీళ్లకు తగిలింది. అది తాగుతున్నంతసేపూ వీరాస్వామి కాలు ఆపలేదు.

ఆ రోజు నివేదికలో సుదర్శనం ఇలా రాశాడు: 'బుల్లెబ్బాయి గారి కేడెన్స్ ఫలితంగా గుంట నిండినది.' బుల్లెబ్బాయి సలహాదారు అయ్యాడు.

మర్నాడు వీరాస్వామికి మోదుగాకు మీద మెమో వచ్చింది. 'తమరు అధ్యక్షుల వారి సమక్షంలో, నిర్ణీత తొంభైకి గాను యాభై రెండు మాత్రమే తిప్పియున్నారు. చైను అనుమతి లేకుండా తగిలించియున్నారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వగలరు.'

వీరాస్వామికి తొక్కుతూ చదివే అలవాటు లేదు. తొక్కుతూ నమిలే అలవాటు ఉంది. మెమో బాగానే ఉంది, కాస్త వగరు.

ప్రభుత్వ ఆకు తిన్నందుకు రెండో మెమో తయారవుతోంది.

నీతి: నీళ్లు కావలసినవాళ్లు చైను చూసుకోండి, ప్రమోషన్ కావలసినవాళ్లు చైను తీసెయ్యండి.