కుడికి తిరిగితే మోగే హారన్

పెద్ద పాపాలను దేవుడు స్వయంగా చూస్తాడు. అందులో అనుమానం లేదు. మరి చిన్నవాటిని కూడా ఆయనే చూసుకుంటాడా, లేక ఎవరికైనా అప్పగిస్తాడా అన్నది ఈ కథ చెప్పేవాడికి చాలా ఏళ్లుగా తేలని సందేహం. అడిగితే పెద్దలు నవ్వి ఊరుకున్నారు. గుమాస్తాగారి కారు హారన్ సంగతి తెలిశాక ఆ సందేహం కొంత తీరింది.

గుమాస్తాగారంటే రికార్డుల గదిలో ముప్పై ఏళ్లు పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న మనిషి. పొద్దున్నే ప్రార్థన అయితే గానీ కాఫీ ముట్టరు. తండ్రి వదిలివెళ్లిన పాతకాలపు కారొకటి ఆయనకుంది. మీగడ రంగు ఒళ్లు, పళ్లెమంత స్టీరింగు, గుడ్లు మిటకరించినట్టుండే దీపాలు. దాన్ని రోజూ తుడుస్తారు, నెలకోసారి నడుపుతారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ తొమ్మిదేళ్లుగా దాని హారన్‌కు నోరు లేదు. ఎవరైనా అడ్డొస్తే ఆయనే కిటికీలోంచి తల బయటపెట్టి "జరగండి బాబూ, జరగండి" అని అరుస్తారు. పక్క సీట్లో భార్య ముఖానికి చేతిసంచి అడ్డం పెట్టుకుంటుంది.

ఆ భార్య పెద్దాసుపత్రిలో హెడ్‌నర్సు. ఆ రోజు ఆవిడ ఉద్యోగానికి ఆఖరి రోజు. పొద్దున చెప్పులు వేసుకుంటూ ఒక్క మాటే అడిగింది.

"పన్నెండింటికల్లా గేటు దగ్గరికి వచ్చి నన్ను ఎక్కించుకోండి. అందరూ సాగనంపడానికి వస్తారు. మీరు మాత్రం తల బయటపెట్టి అరవకండి. ఈ ఒక్కరోజుకి."

"హారన్ బాగుచేస్తాలే."

"తొమ్మిదేళ్ల నుంచీ వింటున్నాను. మా ఆసుపత్రి ఎదురుగానే కార్ల మేస్త్రి షెడ్డు. వెళ్లి అడిగితే మీ సొమ్మేం పోతుంది?"

"అతని గడప తొక్కను. అతను చేసిన పని నాలుగు రోజులు కూడా నిలవలేదు."

ఇది నిజమే, కానీ సగం నిజం. తొమ్మిదేళ్ల కిందట హారన్ బాగుచేసి వెళ్లిన మేస్త్రి, సీటు మీద తన స్క్రూడ్రైవర్ మరిచిపోయాడు. ఎర్రటి చెక్క పిడి, దానికి నల్ల దారం చుట్టు. చేతిలో ఇమిడిపోయే వస్తువు. గుమాస్తాగారు కారులో కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి ముచ్చటపడుతుండగా మేస్త్రి వెనక్కి వచ్చాడు. అది తన గురువు ఇచ్చిందనీ, ఇక్కడేమైనా కనబడిందా అనీ అడిగాడు. ఇచ్చేస్తే సరిపోయేది. కానీ చెయ్యి ఎందుకో అప్పటికే డాష్‌బోర్డు కిందికి పోయింది. నోరు "చూడలేదే" అనేసింది. అతను వెళ్లాక తీద్దామంటే చేతికి అందలేదు. నాలుగో రోజు హారన్ మూగబోయింది. అతను పని సరిగా చెయ్యలేదు, నేను వస్తువు ఇవ్వలేదు, చెల్లుకు చెల్లు అని గుమాస్తాగారు మనసుకు నచ్చచెప్పారు. మనసు ఒప్పుకోలేదు. అందుకే ఆ షెడ్డు ముందు నుంచి పోయినప్పుడల్లా ముఖం అటు తిప్పుకునేవారు.

ఎనిమిదింటికి ఆయన డాష్‌బోర్డు కింద తల దూర్చి వెల్లకిలా పడుకున్నారు. వైర్ల గుత్తిలోంచి ఒకటి ఊడి వేలాడుతోంది. దాని జత కొసను తడిమి పట్టుకుని రెండూ కలిపి మెలిపెట్టారు. పైన టేపు చుట్టాలని తెలుసు. ఇంట్లో టేపు లేదు. లేచి స్టీరింగు మధ్య బొత్తాం నొక్కేసరికి తొమ్మిదేళ్ల గొంతు ఒక్కసారిగా విచ్చుకుంది. పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్న టీచరమ్మ బకెట్ వదిలేసింది. గుమాస్తాగారు మనసులోనే దేవుడికి దండం పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పదకొండు దాటాక బయలుదేరారు.

వీధి చివర కుడికి తిరగ్గానే హారన్ మోగింది. ఆయన బొత్తాం ముట్టుకోలేదు. ముట్టుకోలేదని రెండు చేతులూ పైకెత్తి చూసుకున్నారు కూడా. ముందు నడుస్తున్న ముసలి దర్జీ పక్కకు తప్పుకుని, అంత తొందరైతే నా మీది నుంచే పోనియ్యి నాయనా అన్నాడు. తర్వాతి ఎడమ మలుపులో మోత ఆగిపోయింది. మరో సందులో కుడికి తిరిగితే మళ్లీ మొదలైంది. ఎడమకు తిప్పితే మళ్లీ ఆగింది. కారణం తెలియలేదు గానీ పద్ధతి అర్థమైంది.

రికార్డుల గదిలో పనిచేసినవారు కనుక ఆయన పద్ధతినే నమ్ముకున్నారు. ఆసుపత్రికి ఇంకా రెండు కుడి మలుపులున్నాయి. ఒక కుడి మలుపుకు బదులు మూడు ఎడమ మలుపులు తిరిగితే మనిషి చేరేది అక్కడికే. మొదటిది అలాగే సాధించారు. కూరగాయల అంగడి చుట్టూ తిరిగి వచ్చేసరికి పావుగంట పట్టింది గానీ హారన్ నోరెత్తలేదు. రెండో దాని దగ్గర నాలుగు రోడ్ల కూడలి. ఎడమ రోడ్డు గొట్టాల కోసం తవ్వేశారు. ఎదుటి రోడ్డు మూసేశారు. వెనక బస్సు. దేవుణ్ని తలుచుకుని కుడికి తిప్పారు.

హారన్ ఈసారి ఇంకా గట్టిగా అందుకుంది. అక్కణ్నుంచి ఆసుపత్రిదాకా ఎడమ మలుపన్నది లేదు. కారు ఆపి వైరు పీకేద్దామని ఒంగేలోపే కుర్ర ట్రాఫిక్ కానిస్టేబులొకడు పరిగెత్తుకొచ్చి కిటికీలో తల పెట్టాడు. చెమటలు కారుతున్న పెద్దమనిషి, పాలిపోయిన ముఖం, ఆసుపత్రి వైపు చూపిస్తున్న వేలు.

"ఏమైందండీ? గుండెనొప్పా?"

చుట్టూ నలభై మంది చూస్తున్నారు. హారన్ చెడిందని చెప్పుకోవడం కంటే ఒంట్లో చెడిందనడమే ఆ నిమిషానికి గౌరవంగా తోచింది. గుమాస్తాగారు తల ఊపారు.

అంతే. కానిస్టేబులు ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి తానే స్టీరింగు పట్టాడు. బస్సులు, రిక్షాలు, గొట్టాలు తవ్వేవాళ్లు అందరూ పక్కకు తప్పుకున్నారు. దారిలో ఆ కుర్రాడు ఒకటే మెచ్చుకోలు. పాత కార్లకు ఇంత మంచి హారన్ ఉంటుందని తనకు తెలియదట. వెనక సీట్లో గుమాస్తాగారు కళ్లు మూసుకుని, నొప్పి నిజంగానే వస్తే బాగుండునని కోరుకున్నారు.

ఆసుపత్రి ఆవరణలో 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు ఉంది. పట్టుబట్టి దాన్ని పెట్టించింది ఆయన భార్యే. వీడ్కోలు సభలో పెద్ద డాక్టరుగారు సరిగ్గా ఆ మాటే చెబుతున్నారు. ఈవిడ ఉన్న వార్డులో గోడగడియారం కూడా భయపడి మెల్లగా కొట్టుకుంటుందంటుండగా మోత లోపలికి వచ్చింది. సభ లేచి బయటికి పరిగెత్తింది. ఎవరో స్ట్రెచర్ తోశారు, ఎవరో ఇస్త్రీ చొక్కా బొత్తాలు తెంపారు. అందరినీ తోసుకుని హెడ్‌నర్సు ముందుకొచ్చింది. చూస్తే తన మొగుడు. మణికట్టు పట్టుకుని లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత చెవి దగ్గరికి ఒంగింది.

"నొప్పి ఎక్కడ?"

"నొప్పి లేదు."

"మరి స్ట్రెచర్ ఎందుకెక్కారు?"

"సిగ్గేసి."

ఆవిడ నిటారుగా నిలబడి, భయం లేదని డాక్టర్లకు చెప్పింది. అన్ని వార్డుల కిటికీల్లోనూ రోగులు నిలబడి ఉన్నారు. కారు ఇంకా మోగుతూనే ఉంది. ఆవిడ ఎదుటి షెడ్డు నుంచి మేస్త్రిని పిలవమంది.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చాడు. మోత ఆగింది. చెయ్యి బయటికి వచ్చింది. అందులో ఎర్రపిడి స్క్రూడ్రైవర్ ఉంది.

అతను దాన్ని చూశాడు. స్ట్రెచర్ మీద లేచి కూర్చున్న గుమాస్తాగారిని చూశాడు. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాడు.

"తప్పు నాదేనండీ. అప్పట్లో నేనే ఇక్కడ మరిచిపోయినట్టున్నాను. ఆ వైరు ఊడిందీ దీనివల్లే, ఇవాళ మోగిందీ దీనివల్లే. కుడికి తిరిగినప్పుడల్లా దొర్లి, టేపు చుట్టని వైరు మీద పడుతోంది. తొమ్మిదేళ్లు అయ్యగారిని ఇబ్బంది పెట్టాను."

జనం గుమాస్తాగారి వంక జాలిగా చూశారు. పెద్ద డాక్టరుగారు మేస్త్రిని, ఇంత అజాగ్రత్త అయితే ఎలాగని మందలించారు. కానిస్టేబులు పుస్తకం తీసి మేస్త్రి షెడ్డు ఎక్కడని అడిగాడు. భార్య కూడా మెత్తబడి, తెగిన బొత్తాల దగ్గర చొక్కా సర్దింది.

"నేనే మిమ్మల్ని ఊరికే ఆడిపోసుకున్నాను," అంది.

ఊరుకుంటే గౌరవంగా ఇంటికి పోవచ్చు. గుమాస్తాగారు స్ట్రెచర్ దిగారు.

"ఆయన తప్పేమీ లేదు. అదే రోజు వెనక్కి వచ్చి అడిగాడు. అప్పుడది నా చేతిలోనే ఉంది. చూడలేదన్నాను." కానిస్టేబులు వైపు తిరిగారు. "గుండెనొప్పి కూడా లేదు బాబూ."

కానిస్టేబులు పుస్తకం మూశాడు. ఆసుపత్రి ఆవరణ మొత్తంలో, ఆ బోర్డు పెట్టిన తర్వాత, అంత నిశ్శబ్దం అదే మొదటిసారి. మేస్త్రి మాత్రం తలొంచుకుని మెల్లగా అన్నాడు.

"తెలుసండీ. ఆ రోజు కారు అద్దంలో కనబడింది."

"మరి అడగలేదేం?"

"మీరే ఇస్తారనుకున్నాను. నా షెడ్డు దాటినప్పుడల్లా ముఖం తిప్పుకునేవారు కదా. అయ్యగారికి ఇంకా గుర్తుంది, ఇచ్చేస్తార్లే అనుకునేవాణ్ని."

స్క్రూడ్రైవర్ మేస్త్రి చేతిలోనే ఉంది. అయినా గుమాస్తాగారు దాన్ని అడిగి తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, రెండు చేతులతో అతనికి తిరిగి ఇచ్చారు.

మేస్త్రి వైరు ఊడదీసి, రేపు షెడ్డుకు తీసుకురమ్మన్నాడు. భార్య పూలగుత్తులతో సహా కారెక్కింది. గేటు దగ్గర జనం కదలడం లేదు. హారన్ లేదు. అరవొద్దని పొద్దున చెప్పించుకున్న మనిషి స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయారు. ఆవిడ కాసేపు చూసి, కిటికీ అద్దం దించి, ముప్పై ఐదేళ్లు అదుపులో పెట్టుకున్న గొంతుతో తానే అరిచింది.

"జరగండి బాబూ, జరగండి!"

ఆ హారన్ ఇప్పుడు నొక్కితేనే మోగుతుంది. అయినా కుడి మలుపు వచ్చినప్పుడల్లా గుమాస్తాగారు ముందుగా జేబులు తడుముకుంటారు.